కార్డు మీది మామ్మ

మా మామ్మ పోయిన రెండేళ్ళకి, అరవై ఏడు ఎండాకాలంలో, ఆవిడ కళ్ళకి ఆపరేషను చేయించే పని నా నెత్తిన పడింది. అప్పటికి నేను పన్నెండేళ్ళ ఆడపిల్లని. ఈ ముక్క ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, ఆ తర్వాత మా నాన్నని తిడతారు. రెండూ న్యాయమే.

నాన్న పేరు గోవిందరావు. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. పూరీ గేట్ దగ్గర లైను క్వార్టరు మాది. ఒక గది, ఒక వసారా, వీధి చివర కొళాయి. రైల్వేలో పనిచేసేవాడికి ఏడాదికి ఇన్నని రైలు పాసులుంటాయి, జబ్బు చేస్తే చూపించుకోడానికి ఆసుపత్రి కార్డు ఉంటుంది. పెళ్ళాం బిడ్డలతో పాటు, మొగుడు పోయి కొడుకు పంచన ఉన్న తల్లి పేరు కూడా వాటిలో రాస్తారు. మా కార్డులో అలా రాసి ఉన్న పేరు నూకాలమ్మ. మా మామ్మ. ఆవిడ కోతలకని చీపురుపల్లి దగ్గర మా ఊరు వెళ్ళి, అక్కడే జ్వరం వచ్చి పోయింది. జ్వరం ముదిరిందని టెలిగ్రాం వస్తే వెళ్ళిన నాన్న పదిహేను రోజుల తర్వాత గుండుతో తిరిగొచ్చాడు.

"ఆపీసులో రాసిచ్చీ" అంది అమ్మ.

"రేపు రాసిచ్చెత్తాను" అన్నాడు నాన్న.

గుండు మీద జుట్టు మొలిచింది, క్రాపు దువ్వుకునేంత పెరిగింది, ఆ రేపు మాత్రం రాలేదు. ఫోర్‌మన్ అడిగితే సింహాచలం మొక్కని చెప్పాడట. నిజానికి మా వైపు ఇది వింతేమీ కాదు. మా లైనులో పోయినవాళ్ళు ఏడాదికోసారి రైలెక్కుతారు. ఆ మరుసటి ఏడు మా మామ్మ పూరీ వెళ్ళింది. అంటే, పక్క క్వార్టరు అప్పలకొండమ్మ మామ్మ పేరు మీద మాతో వచ్చి జగన్నాథుణ్ణి చూసుకుంది. టీటీ ముందు ఆవిడని "మామ్మా" అని పిలవమని అమ్మ నా తొడ గిల్లింది. పిలిచాను. ఇంటికొచ్చి ఒక పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మామ్మ కోసం ఏడిస్తే పోయినవాళ్ళ కోసం ఏడవకూడదంటారు, రైల్లో మాత్రం బతికే ఉందని చెప్పమంటారు. ఈ పెద్దవాళ్ళకి ఒక దారీ తెన్నూ లేదని నాకప్పుడే అర్థమైంది.

అరవై ఏడులో హోళీ వెళ్ళిన వారానికి ఊరినించి ఉత్తరం ముక్క వచ్చింది. మామ్మ చెల్లెలు పోలమ్మకి రెండు కళ్ళూ పొరలు కమ్మేశాయట. మొగుడు పోయి పదేళ్ళు, పిల్లా జెల్లా లేరు. అంబలి కాచుకోబోయి పొయ్యిలో చెయ్యి పెట్టేసిందట. నాన్న ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఠీక్ హై" అన్నాడు. నాన్నకి అదొక ఊతపదం. వాన వచ్చినా ఠీక్ హై, ఇల్లు కారినా ఠీక్ హై.

"ఏటి ఠీక్ హై?" అంది అమ్మ, చేట కింద పెట్టి.

"సిన్నమ్మని తీసుకొచ్చెత్తాను. మన ఆసుపత్రిలో కళ్ళు కోసి బాగు సేసెత్తారు. కార్డు ఉంది కదా."

"కార్డు ఎవుల పేరు మీదుంది?"

"అమ్మ పేరు మీద."

"అత్త పోనాది."

"కార్డులో పోనేదు కదా."

అమ్మ నుదురు కొట్టుకుంది. "పాసు మీద ఒక పూట రైలెక్కడం ఏరు, ఆసుపత్రిలో పడుకోబెట్టి కళ్ళు కోయించడం ఏరు. నిమ్‌పురాలో జగ్గారావు బావమరిదిని తమ్ముడని రాయించి దొరికిపోనాడు. ఉజ్జోగం ఊడింది, కోటరు కాళీ సేయించినారు. పెళ్ళాం బిడ్డలు సామాను నెత్తినెట్టుకుని టేసన్‌కి పోతంటే నువ్వూ సూసినావు. తెలిసి తెలిసీ కొరివితో తల గోక్కుంతానంటావేటి?"

నాన్న లేచాడు. కొళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. మాట తప్పించుకోవలసి వచ్చినప్పుడల్లా నాన్న కాళ్ళు కడుక్కునేవాడు. మా లైను మొత్తంలో అంత శుభ్రమైన కాళ్ళు ఇంకెవరికీ లేవు.

ఏప్రిల్ మొదటి వారంలో పోలమ్మ దిగింది, మామ్మ పాసు మీదే. సన్నగా, వెదురు గడలా నిటారుగా ఉన్న మనిషి. ముక్కుకి అడ్డబాస, నోట్లో అడ్డపొగ చుట్ట. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకునే మాట్లాడేది, ఒక్క మాటా తడబడేది కాదు. మామ్మ పోయాక వసారాలో ఆవిడ మంచం నాదైంది. పోలమ్మ చేత్తో తడుముకుని ఆ మంచం మీద కూర్చుంది, నేను నేల మీదికి దిగాను.

మర్నాడు పొద్దున్నే నాన్న పాఠం మొదలుపెట్టాడు.

"సిన్నమ్మా, ఆసుపత్రిలో నిన్ను నూకాలమ్మా అని పిలుత్తారు. నువ్వు ఊ అనాల."

"అన్ను."

"అన్ను అంటే ఎలాగ? కళ్ళెలాగొత్తాయి?"

"రాపోతే మానె. ముప్పైతొమ్మిదేళ్ళు దాని పేరు నా నోట్లోంచి రానియ్యనేదు. ఇప్పుడు ఆ పేరుకి నాను పలకాలేటి?"

"పోయిన మనిసితో పంతమేటి సిన్నమ్మా!"

"పోతే? పోయినంత మాత్తరాన మంచిదైపోద్దేటి?"

ఈ మాట విన్నాక నాకు ఒళ్ళు మండిపోయింది. మామ్మ నన్ను పెంచింది. నాకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి. ఆవిడ మంచం మీద కూర్చుని, ఆవిడ పాసు మీద వచ్చి, ఆవిడ కార్డు మీద కళ్ళు తెచ్చుకోబోతూ, ఆవిడ పేరు వింటే మూతి తిప్పుకుంటుందా? అయినా అలవాటు చెయ్యాలని నాన్న హుకుం. పొద్దున కాఫీ ఇస్తూ "నూకాలమ్మా", అన్నానికి పిలుస్తూ "నూకాలమ్మా". ఆవిడ పలకదు. కాఫీ చల్లారిపోతుంది. ఆఖరికి అమ్మ "పోలమ్మత్తా, తాగు" అంటే గానీ గ్లాసు అందుకోదు.

ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నాదైంది. నాన్నకి కార్ఖానా, అమ్మకి బెంగాలీ రాదు. వీధిలో ఆడుకుని ఆడుకుని నాకు బెంగాలీ వచ్చేసింది, నా ఖర్మ. డాక్టర్ బాబు పోలమ్మ కనురెప్పలు ఎత్తి, టార్చి వేసి చూసి, "ఛానీ ఎఖొనో పాకేని" అన్నాడు. శుక్లం ఇంకా ముదరలేదట. నెల పోయాక రమ్మన్నాడు. ఆ మాట చెప్తే పోలమ్మ గొల్లున నవ్వింది.

"ముదరడానికి అదేటి, ఆనపకాయేటి?"

నెల పోయాక వెళ్తే ఇంకో మూడు వారాలన్నాడు. నా సెలవులన్నీ ఆ శుక్లం ముదరడం కోసం ఎదురుచూడటంతోనే సరిపోయాయి.

ఆ ఎండాకాలం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పోలమ్మకి చోడంబలి లేకపోతే కడుపు నిండదు. ఖరగ్‌పూర్‌లో చోళ్ళు, అదే రాగులు, ఎక్కడివి? గోల్‌బజారంతా తిరిగాను. మిట్టమధ్యాహ్నం ఇందా అనే పేట దాకా నడిచి, కొట్టు కొట్టుకీ వెళ్ళి, ఎర్రగా గుండ్రంగా ఆవాల్లా ఉంటాయని చేత్తో చూపిస్తే, ఒక దాదా నాకు ఆవాలే పొట్లం కట్టి ఇచ్చాడు. ఆఖరికి గ్యాంగ్‌మన్ తవిటయ్య ఇంట్లో దొరికాయి. నెత్తిన మోసుకొస్తే అంబలి నోట్లో పెట్టుకుని, "పుచ్చు వాసనేత్తంది" అంది. ఆవనూనె వాసన పడదు. ఊళ్ళో గాలి పడదు. కార్ఖానా కూత కూస్తే రోజూ ఉలిక్కిపడి, "ఎవుడో సచ్చినట్టున్నాడు" అనేది. కళ్ళు లేవు గానీ చెవులు మాత్రం పాము చెవులు. వీధి చివర కొళాయి దగ్గర అమ్మ తన గురించి గొణుక్కున్నది కూడా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది.

మే నెలలో ఒకరోజు నాకిక ఆగలేదు. పెరట్లోకి చెయ్యి పట్టుకు నడిపిస్తూ అడిగేశాను.

"మా మామ్మ నీకేటి చేసింది?"

"మీ మామ్మనే అడుగు."

"ఎలా అడగను? పోయింది కదా!"

"మరి నన్నెందుకు అడుగుతావు? నాను బతికున్నానని లోకువేటి?"

చెయ్యి వదిలేసి వచ్చేద్దామనుకున్నాను. రెండడుగులు వేశాను కూడా. ఆవిడ పిలవలేదు, చేతులు చాపలేదు, ఎండలో అలాగే నిలబడింది. తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళి మళ్ళీ చెయ్యి పట్టుకున్నాను. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మా ఇంట్లో ఇద్దరు మొండివాళ్ళు, నాన్న, పోలమ్మ. ఆ ఇద్దరినీ మోసే గుర్రం నేను.

వానలు పడ్డ వారానికి శుక్లం ముదిరింది. కంటి వార్డులో మంచం ఇచ్చారు. చేరే రోజు పొద్దున పోలమ్మ పసుపు గుడ్డలో రాగి కాణీ మూటకట్టి, పైడితల్లికి ముడుపని మెడకి కట్టుకుంది. గుంట అంటే మా వైపు పిల్ల, ఆవిడ నన్ను అలాగే పిలిచేది.

"ఇదుగో గుంటా, ముడుపు కట్టినాను. ఇంక ఆపరేసను అయ్యేదాకా నా నోట అబద్ధం రాకూడదు. ఒచ్చిందా, తల్లి ఇచ్చిన కళ్ళు తల్లే లాగేసుకుంటాది."

"మరి నూకాలమ్మా అని పిలిస్తే?"

"పిలిసేది ఆళ్ళు. అబద్ధం ఆళ్ళది. నాను పలకనుగా."

చెప్పినట్టే పలకలేదు. నర్సులు పిలిచినా, వార్డుబాయి పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. నేను ఏం చెయ్యను? చెవుడని చెప్పాను. అలా కార్డు మీది మా మామ్మకి శుక్లాలతో పాటు చెవుడు కూడా వచ్చింది.

ఆపరేషను ముందురోజు గురువారం. మధ్యాహ్నం వార్డులోకి ఒక గుమస్తా బాబు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. ఒక్కో మంచం దగ్గర ఆగి, కార్డు చూసి, ఏవో ప్రశ్నలు వేసి, టిక్కు పెట్టుకుంటున్నాడు. మా మంచం దగ్గర చాలాసేపు ఆగాడు. కార్డులో అరవై నాలుగేళ్ళని ఉంది. మంచం మీద మనిషికి తలలో సగం నలుపు, నోట్లో అన్ని పళ్ళూ ఉన్నాయి.

"గోవిందరావుకి ఈవిడ ఏమవుతుంది?" అని బెంగాలీలో నన్నడిగాడు.

"అమ్మ" అన్నాను.

"నిజేర్ మా?" అన్నాడు. సొంత తల్లేనా అని. "పిన్నుల్నీ మేనత్తల్నీ తెచ్చి తల్లులని రాయిస్తున్నారు మీవాళ్ళు. నువ్వు చెప్పడం కాదు. ఆవిణ్ణి అడుగు. కన్న కొడుకేనా అని అడిగి, ఆవిడ ఏం చెప్తే అది నాకు చెప్పు."

నాన్న కార్ఖానాలో ఉన్నాడు. ఐదింటికి గానీ కూత కూయదు. పక్క మంచం దగ్గర కొత్తగా డ్యూటీలోకి వచ్చిన నర్సు గాజుగుడ్డ చుట్టుకుంటోంది. నేను పోలమ్మ చెవిలోకి వంగి, "నాన్న నీ కన్నకొడుకేనా అని అడుగుతున్నాడు. బుర్ర ఊపు. ఒక్కసారి ఊపు, చాలు. ఊపకపోతే నాన్న ఉద్యోగం పోతుంది" అన్నాను.

పోలమ్మ లేచి కూర్చుంది. ముడుపు చేత్తో పట్టుకుంది. గుమస్తా గొంతు వినిపించిన వైపు మొహం తిప్పి, వార్డంతా వినబడేలా మొదలుపెట్టింది.

"బాబుకి సెప్పు గుంటా. నాను కన్నేదు. నా తోడబుట్టిన అప్ప కన్నాది. కన్న మూడోనాడు దానికి సన్నిపాతం జొరం ఒచ్చింది, మనిసి నేదనుకున్నాం. నా గుంట సచ్చిపోయిన నెల అది. నా రొమ్ములు గడ్డ కట్టి ఏడుత్తంటే మా అమ్మ ఈణ్ణి తెచ్చి నా ఒళ్ళో ఏసింది. పద్దెనిమిది నెల్లు నా పాలు తాగినాడు. నన్నే అమ్మా అన్నాడు. అప్పుడు మా బావకి కరగ్‌పూరంలో ఉజ్జోగం ఒచ్చింది. మా అప్ప లేసి నిలబడి, ఈణ్ణి నా సంకలోంచి లాక్కుని రైలెక్కేసింది. ఈడు రైలు కిటికీలోంచి అమ్మా అమ్మా అని సేతులు సాపినాడు. ఇదీ జరిగింది. ఇందులో నాను తల్లినో కాదో, సదూకున్నోడు కదా, ఆ బాబునే సెప్పమను."

గుమస్తా బాబు నా వంక చూశాడు. పెన్ను మూత తీసే ఉంది.

నాకు జాలి కలిగిందని ఇప్పుడు చెప్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. నాకు విసుగొచ్చింది. అడిగింది ఒక్క బుర్ర ఊపు. ఈవిడ పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పింది. మూడు నెలల నుంచి నా చేత చోళ్ళు మోయించి, ఎండలో తిప్పించి, ఇప్పుడు సరిగ్గా మా కొంప మునిగే వేళకి సత్యహరిశ్చంద్రుడి చెల్లెలైంది. ముడుపు ఆవిడ కట్టుకుంది కదా, నేను కట్టుకోలేదు కదా అనుకున్నాను.

"హ్యాఁ," అన్నాను. "నిజేర్ మా."

గుమస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "అంతసేపు చెప్పింది. ఇంతేనా?"

"ముసలివాళ్ళు ఏం చెప్పినా పొడుగే" అన్నాను.

"చెవుడన్నావు?"

"ఒక్కోసారి వినపడుతుంది."

ఆయన పోలమ్మ వంక చూశాడు. ఆవిడ ఇంకా ముడుపు పట్టుకునే ఉంది. మొహం ఆయన వైపే ఉంది గానీ కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వస్తున్నాయి. ఆయన ఇంకేమీ అడగలేదు. టిక్కు పెట్టి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

నర్సు దగ్గరికి వచ్చింది. తెల్ల గౌను, మెడలో చిన్న సిలువ. ఇందాకటి నుంచి హిందీలో మాట్లాడుతుంటే ఏ ఊరావిడో అనుకున్నాను. పోలమ్మ కళ్ళు గాజుగుడ్డతో తుడుస్తూ, "ఇలా ఏడవకూడదమ్మా, రేపు కోత పెట్టుకుని" అంది, చక్కటి గుంటూరు తెలుగులో.

"సిస్టర్, మీది..."

"తెనాలి. నా పేరు సత్యవేదం." ఆవిడ గుడ్డ మడిచి ట్రేలో పెట్టింది. "ఆ బాబు మళ్ళీ వస్తే నన్ను పిలవకు పిల్లా. నువ్వే చెప్పు. నాకు అంత పొట్టిగా చెప్పడం చేతకాదు."

సాయంత్రం కూత కూసిన పావుగంటకి నాన్న సైకిలు మీద ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చాడు. చేతులకి ఇంకా గ్రీజు ఉంది. జరిగింది మొత్తం చెప్పాను. ఉద్యోగం నిలిచిందని సంతోషిస్తాడనుకున్నాను. సైకిలు హ్యాండిలు పట్టుకుని నేల వంక చూస్తూ నిలబడ్డాడు. అక్కడ కాళ్ళు కడుక్కోడానికి కొళాయి లేదు.

"నీకు తెలుసా ఇదంతా?" అన్నాను.

"తెల్సు."

"ఎప్పటినుంచి?"

"మా అమ్మ పోయేముందు సెప్పింది." సైకిలుకి స్టాండు వేశాడు. "కోతలకని ఎల్లిందనుకుంతన్నావేటి? సెల్లెలి కాళ్ళు పట్టుకోడానికి ఎల్లింది. రైలెక్కేనాడు సిన్నమ్మ ఏడుత్తంటే, పాలిచ్చిన ఆవుని ఎవులూ అమ్మా అనరే అని ఒక్క మాట అనీసిందంట. ఆ మాట ఎనక్కి తీసుకుందారని ఎల్లింది. గుమ్మందాకా ఎల్లి, పిలవడానికి మొకం సెల్లక తిరిగొచ్చేసింది. మర్నాడే జొరం. నాను ఎల్లేతలికి, నువ్వైనా సెప్పరా అంది."

"మరి చెప్పావా?"

"ఎలా సెప్పీది?"

"రెండేళ్ళయింది నాన్నా!"

"రేపు సెప్తాను" అన్నాడు.

ఆ రేపు అన్న మాట వింటే నాకు ఏడుపొచ్చింది. మామ్మ మీద కూడా కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపం వస్తే ఎవరితో దెబ్బలాడాలి? ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే, అమ్మ వంట వదిలేసి గడప మీద కూలబడింది. "ఈ ముక్క ఏప్రిల్ నెల్లోనే సెప్తే ఈ మనిసికి నోరరిగిపోద్దేటి! నాను ఆ ముసిల్దాన్ని ఎన్నెన్ని మాటలన్నాను!" అని నాన్న వినేలా అరిచి, కొంగుతో మొహం తుడుచుకుంది. మర్నాడు తెల్లారకుండా అంబలి కాచి, క్యారేజీలో పోసి తనే ఆసుపత్రికి పట్టుకెళ్ళింది.

ఆపరేషను బాగానే అయింది. కానీ చెప్పడానికి మాత్రం వీల్లేకపోయింది. రెండు కళ్ళకీ కట్లు, తలకి అటూ ఇటూ ఇసుక సంచులు. కదలకూడదు, దగ్గకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా ఏడవకూడదు. "ఏడిస్తే కుట్లు తెగుతాయి, జాగ్రత్త" అని సత్యవేదం సిస్టర్ పదిసార్లు హెచ్చరించింది. ముప్పైతొమ్మిదేళ్ళ తర్వాత మామ్మ క్షమాపణ మోసుకొచ్చిన నాన్న మంచం పక్కన కూర్చుని, "జొరం నేదు కదా? దురద నేదు కదా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. కట్లు విప్పాక కూడా ఆరు వారాలు జాగ్రత్తన్నారు. ఆ ఆరు వారాలూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా ఒక మాట అనలేదు. ఉల్లిపాయలు కూడా అమ్మ పెరట్లోకి తీసుకెళ్ళి తరిగేది.

ఆగస్టు చివర సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. వసారాలో మంచం మీద కూర్చోబెట్టి నేనే తగిలించాను. పోలమ్మ ముందు తన చేతులు చూసుకుంది. తర్వాత నన్ను చూసి, "నువ్వేనేటి ఆ గుంటవి? గొంతు సూసి ఇంకా పెద్దదానివనుకున్నాను" అంది. నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ ఆయన వంక చాలాసేపు చూసింది.

"ఇంత ముసిలోడివైపోనావేటిరా" అంది.

అప్పుడు చెప్పాడు నాన్న. కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళకుండా, ఆ గోడ దగ్గరే నిలబడి, మామ్మ చెప్పమన్నదంతా చెప్పాడు. గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చేసిందన్న మాట దగ్గర గోడ వైపు తిరిగిపోయాడు.

పోలమ్మ అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు తెల్సురా."

"ఏటి తెల్సు?"

"గుమ్మం కాడ అడుగులు ఇన్నాను. కళ్ళు మసకలు గాని సెవులకేటి? అది నడిసొత్తే నాకు తెల్దేటి? శానాసేపు నిలబడింది. ఊపిరి కూడా ఇనబడింది. పిలుత్తాది, పిలిత్తే తలుపు తీద్దామనుకున్నాను. నా అంతట నాను తియ్యనేదు." అద్దాలు కొంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది. "నూకప్ప కూడా నా లాగే మొండిదిరా. ఏటి సేత్తాం."

ఆ పేరు ఆవిడ నోట మేం వినడం అదే మొదలు. అమ్మ లోపల గిన్నె కింద పడేసింది. నేను వెళ్ళి పోలమ్మ పక్కన మంచం మీద కూర్చున్నాను. కసురుతుందనుకున్నాను గానీ జరిగి చోటిచ్చింది.

సెప్టెంబరులో ఊరెళ్ళింది. పాసు ఉందంటే వినలేదు. "కళ్ళు నేనప్పుడు ఎవుల పేరు మీదైతేనేటి? ఇప్పుడు నా పేరు మీద నాను ఎల్తాను" అని కూర్చుంటే, నాన్న డబ్బు పెట్టి టిక్కెట్టు కొని రైలెక్కించాడు.

నాన్న ఇక ఈ గొడవ వద్దు, మామ్మ పేరు కొట్టించేస్తానన్నాడు. కానీ ఎలా కొట్టిస్తాడు? అరవై ఐదులో పోయిన మనిషి అరవై ఏడులో కళ్ళు కోయించుకున్నట్టు ఆసుపత్రి రిజిస్టర్లో ఉంది. అలా మామ్మకి చావడానికి కూడా వీల్లేకుండా పోయింది. ఆ పేరు మీద మళ్ళీ ఎవరూ రైలెక్కలేదు గానీ కార్డులో మాత్రం ఆవిడ ఏడాదికో ఏడు పెరుగుతూనే ఉంది. అమ్మ దాని గురించి గొణగని పండగ లేదు.

డెబ్భై మూడులో, శ్రావణంలో, పోలమ్మ పోయింది. నాన్న వెళ్ళి తలకొరివి పెట్టి, కర్మలు చేసి వచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున్నే తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. అప్పటికి నేను కాలేజీలో చేరాను. ఇంగ్లీషు దరఖాస్తులన్నీ నేనే రాసేదాన్ని.

"కార్డులో పేరు కొట్టించాల. రాయి" అన్నాడు.

నేను రాశాను. అయ్యా, నా తల్లి నూకాలమ్మ, ఫలానా తేదీన మా స్వగ్రామంలో మరణించినది. తేదీ దగ్గర ఆగాను. పోలమ్మ పోయిన తేదీ వేశాను. రాసింది తెలుగులో చదివి వినిపించాను.

"ఇది అబద్ధం నాన్నా" అన్నాను. "సంతకం పెట్టేది నువ్వు. ఆలోచించుకో."

"తల్లి అని రాసినావా?"

"రాశాను."

"పోయిన తేదీ అదే కదా?"

"అదే."

"మరి అబద్ధం ఏటున్నాదే ఇందులో? ఇటియ్యి" అని నా చేతిలోంచి పెన్ను తీసుకుని, కాగితం గోడకి ఆనించి సంతకం పెట్టాడు.